కొత్త కంప్యూటర్‌లోకి పాత హార్డ్‌డిస్క్: అపోహలు - వాస్తవాలు

కొత్త ల్యాప్‌టాప్ కొన్న మర్నాడే చాలామంది ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పట్టుకుని మా షాపుకొస్తారు. పెళ్లి ఫోటోలు, పిల్లల వీడియోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు అన్నీ అందులోనే ఉంటాయి. పదిహేనేళ్లుగా ఇదే నా పని. డిస్క్ దానంతటది పాడై డేటా పోతే ఎవరినీ తప్పుపట్టలేం. ఆ పూట తొందరపడటం వల్ల పోయినవి చూస్తేనే ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: కట్ చేసి పేస్ట్ చేస్తే ఒక్క దెబ్బకు పనైపోతుంది.

ఒకే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు కట్ చేస్తే ఫైలు కదలదు, దాని చిరునామా మాత్రమే మారుతుంది. అందుకే క్షణంలో అయిపోతుంది. వేరే డ్రైవ్‌కు వెళ్లాలంటే మాత్రం ఒక్కో ఫైలునూ కాపీ చేసి, పాతచోట చెరిపేయాలి. మధ్యలో కేబుల్ కదిలిందో, బ్యాటరీ అయిపోయిందో, సగం ఇక్కడ, సగం అక్కడ. ఏది ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చోవాలి. ఎప్పుడూ కాపీయే చేయండి. పాత డిస్క్‌లోవి కనీసం ఒక నెల ముట్టుకోవద్దు.

అపోహ: ఏ కేబుల్ అయినా ఒకటే.

చాలా హార్డ్‌డిస్కులకు వెడల్పుగా, రెండు భాగాలుగా ఉండే సాకెట్ ఉంటుంది. అందులో పెద్ద భాగంలోకి పాత ఫోన్ల మైక్రో యూఎస్‌బీ కేబుల్ చక్కగా దూరుతుంది. డిస్క్ పనిచేస్తుంది కూడా. కానీ అది యూఎస్‌బీ 2.0 వేగం, అంటే సెకనుకు 35 ఎంబీ చుట్టుపక్కల. 500 జీబీకి దాదాపు 4 గంటలు పడుతుంది. డిస్క్‌తో వచ్చిన అసలు కేబుల్‌ను యూఎస్‌బీ 3.0 పోర్టుకు పెడితే మామూలు హార్డ్‌డిస్క్ కూడా 100 ఎంబీ దాకా ఇస్తుంది, గంటన్నరలో ముగుస్తుంది. "కొత్త ల్యాప్‌టాప్ స్లో అన్నా, వాపస్ ఇచ్చేస్తా" అంటూ వచ్చినవాళ్లకు కేబుల్ మార్చి చూపించి పంపాను. వేలకొద్దీ చిన్న ఫోటోలైతే మంచి కేబుల్‌తోనూ నెమ్మదిస్తుంది. కంగారుపడి ఆపేయకండి.

అపోహ: 'ఫార్మాట్ చేయండి' అని వస్తే డిస్క్ పోయినట్టే.

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. అమెరికా నుంచి వచ్చిన అబ్బాయి తన ఆపిల్ మ్యాక్‌లో వాడిన డిస్క్‌ను ఇంట్లో నాన్నగారి విండోస్ ల్యాప్‌టాప్‌కు పెడతాడు. డిస్క్‌లో ఫైళ్లను అమర్చడానికి మ్యాక్ వాడే ఏపీఎఫ్‌ఎస్ పద్ధతి విండోస్‌కు చదవడం రాదు. అందుకని ఫార్మాట్ చేయనా అని అడగొచ్చు. డిస్క్ నిక్షేపంగా ఉంది. 'క్యాన్సిల్' నొక్కి, మళ్లీ మ్యాక్‌కే పెట్టి ఫైళ్లు బయటికి తీయాలి. రెండింటి మధ్యా తిప్పే డిస్క్ అయితే రెండూ చదవగలిగే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంచుకోండి. పాత ఫ్యాట్32 వద్దు, 4 జీబీ దాటిన ఫైలును అది తీసుకోదు. డిస్క్‌లో ఎంత ఖాళీ ఉన్నా పెళ్లి వీడియో ఎక్కదు.

పొరపాటున ఫార్మాట్ నొక్కేశారా? ఆ డిస్క్‌లో ఇంకేమీ వేయకండి. క్విక్ ఫార్మాట్ హార్డ్‌డిస్క్ మీదున్న డేటాను వెంటనే తుడిచేయదు. చాలాసార్లు తిరిగి రాబట్టగలం. దాని మీద కొత్తవి రాశాక మాత్రం మా చేతుల్లో ఏమీ ఉండదు.

అపోహ: కొత్త కంప్యూటర్లో తెలుగు పిచ్చిగీతల్లా కనిపిస్తే ఫైలు పాడైనట్టే.

పోయినేడు ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు వచ్చారు. ఇరవయ్యేళ్ల వ్యాసాలన్నీ ఆ డిస్క్‌లోనే. తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు కలగలిసి కనిపిస్తున్నాయి. ఆయన చేతులు వణుకుతున్నాయి. "మాస్టారూ, ఒక్క అక్షరం కూడా పోలేదండీ" అని ముందు కూర్చోబెట్టాను. అను లాంటి పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు లోపల ఇంగ్లిషు అక్షరాల సంకేతాలుగానే ఉంటుంది. ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఆ ఫాంటు కొత్త కంప్యూటర్‌లో లేకపోతే తొడుగు ఊడిపోతుంది, అంతే. అదే ఫాంటు ఎక్కించగానే మొదటి పేజీ తెలుగులోకి వచ్చేసింది. ఆయన పైకే చదవడం మొదలుపెట్టారు.

మీ దగ్గరా ఇలాంటివుంటే పాత కంప్యూటర్ పనిచేస్తుండగానే ప్రతి ఫైలునూ పీడీఎఫ్‌గా దాచుకోండి. తర్వాత తీరిగ్గా యూనికోడ్‌కు, అంటే ప్రత్యేక ఫాంటు మీద ఆధారపడని ఇప్పటి తెలుగు సంకేతాలకు మార్చుకోవచ్చు. మార్చాక ఒత్తులు, గుణింతాలు కళ్లతో సరిచూసుకోవాలి, కన్వర్టర్లు అక్కడే తప్పు చేస్తాయి.

అపోహ: ప్రోగ్రాం ఫోల్డర్ కాపీ చేస్తే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చేస్తుంది.

చాలావరకు రాదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. లైసెన్సు వివరాలు ముందే రాసిపెట్టుకోండి.

అపోహ: టక్ టక్ మంటున్నా నాలుగుసార్లు పెట్టిచూస్తే పట్టుకుంటుంది.

దయచేసి వద్దు. ఆ చప్పుడు చాలాసార్లు లోపల డేటాను చదివే హెడ్ దెబ్బతిన్న గుర్తు. పెట్టిన ప్రతిసారీ అది డేటా ఉండే ప్లేట్‌ను గీరే ప్రమాదముంది. వెంటనే తీసేసి, డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వండి.

అపోహ: కాపీ బార్ చివరిదాకా వచ్చిందంటే అన్నీ వచ్చినట్టే.

రెండుచోట్లా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, బైట్లలో సైజు పోల్చండి. ఒక పీహెచ్‌డీ అమ్మాయి డిస్క్‌లో 18,462 ఫైళ్లుంటే ల్యాప్‌టాప్‌లో 18,459 వచ్చాయి. మధ్యలో ఏదో మెసేజ్ వస్తే 'స్కిప్' నొక్కిందట. విండోస్‌లో ఫోల్డర్ల పేర్లతో కలిపి ఫైలు దారి మామూలుగా 260 అక్షరాలు దాటకూడదు. ఫోల్డర్ లోపల ఫోల్డర్, అన్నింటికీ పొడుగాటి తెలుగు పేర్లు. పైగా గుణింతమూ, ఒత్తూ విడివిడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరమే ఆరు. డెస్క్‌టాప్ మీదకు కాపీ చేసేసరికి దారి ఇంకా పొడుగైంది. పై ఫోల్డర్‌కు 'థీసిస్' అని చిన్నపేరు పెట్టి, సీ డ్రైవ్‌లో నేరుగా వేస్తే ఆ మూడూ వచ్చేశాయి. అందులో రెండు, ఆమె ఊరూరా తిరిగి రికార్డు చేసుకొచ్చిన ఇంటర్వ్యూలు.