వసంతం, తోట, పిట్టలు: అపోహలు - వాస్తవాలు

తోటపనే వృత్తి కాబట్టి వసంతం మొదలైతే నాకు ఫోన్లు ఆగవు. చాలామంది చేసే పొరపాటు ఒకటే, మధ్యాహ్నం ఎండను చూసి నిర్ణయాలు తీసుకోవడం. ఈ కాలంలో మొక్క సంగతి తేలేది ఎక్కువగా రాత్రిపూట.

అపోహ: వారం నుంచి వెచ్చగా ఉంది, ఇక చలి పోయినట్టే.

వాస్తవం: తొందరపడి వచ్చిన వెచ్చదనంతోనే అసలు చిక్కు. ముడుచుకున్న మొగ్గ గట్టి చలినైనా ఓర్చుకుంటుంది, విచ్చుకున్న పువ్వు ఓర్చుకోలేదు. నిండు పూత మీదున్న ఆపిల్ చెట్టు అరగంటసేపు మైనస్ 2 డిగ్రీల చలిలో ఉంటే సుమారు పదో వంతు పూలు పోతాయి. మైనస్ 4 అయితే పదింట తొమ్మిది. దెబ్బతిన్న పువ్వు పైకి బాగానే కనిపిస్తుంది, రేకులు తెల్లగానే ఉంటాయి. గోటితో చీల్చి చూడండి. నడిమధ్య నల్లబడి ఉంటే అది పిందె కట్టదు.

అపోహ: ఫోన్‌లో 3 డిగ్రీలు చూపిస్తోంది, మంచు గడ్డకట్టదు.

వాస్తవం: అది నేలకు మీటరున్నర ఎత్తులో ఉన్న గాలి లెక్క. మబ్బూ గాలీ లేని రాత్రి ఆకులు తమ వేడిని ఆకాశానికి వదిలేస్తాయి కాబట్టి నేల దగ్గర మరో మూడు నాలుగు డిగ్రీలు తగ్గొచ్చు. పైగా చల్లగాలి బరువు, పల్లంలోకి జారి అక్కడే నిలుస్తుంది. ఒకే తోటలో మెరకన ఉన్న మడి నవనవలాడుతూ, దిగువ మడి మాడిపోయేది ఇందుకే. సాయంత్రమే గుడ్డ కప్పి అంచులు నేలదాకా దించండి. కాండానికి మూటలా చుడితే లాభం లేదు, వేడి వచ్చేది నేల నుంచి కదా. పొద్దెక్కాక తీసేయండి.

అపోహ: టమాటా పూత రాలితే ఎరువు చాలనట్టు.

వాస్తవం: రాత్రి ఉష్ణోగ్రత 24 డిగ్రీలకు దిగకపోయినా, 13 కన్నా కిందికి పడిపోయినా పుప్పొడి సరిగా పనిచేయదు. యూరియా వేస్తే ఆకు ఏపుగా పెరుగుతుంది, పూత నిలవదు.

ఎండలో నీళ్లు పోస్తే చుక్కలు భూతద్దాల్లా ఆకుని కాలుస్తాయన్నది ఇంకో మాట. నున్నటి ఆకుల మీద అలా జరగదని ప్రయోగాల్లో తేలింది. పొద్దున పోయమనేది నీళ్లు ఆవిరైపోకుండా, అంతే.

అపోహ: పిట్టపిల్లను మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుంది.

వాస్తవం: వదలదు. అయితే ముట్టుకునే ముందు దాన్ని బాగా చూడండి. ఒంటినిండా ఈకలు, పొట్టి తోక ఉండి గెంతుతోందా? అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లిదండ్రులు చుట్టుపక్కలే ఉంటాయి. పెంపుడు పిల్లి ఉంటే దాన్ని ఇంట్లో పెట్టి, మీరు తప్పుకోండి. బోసి ఒంటితో కళ్లు మూసుకుని ఉంటే మాత్రం గూట్లోంచి పడిందే. గూడు అందితే తిరిగి పెట్టేయండి. జాలిపడి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అపోహ: వసంతం ముందే వస్తే పిట్టలకు పండగే.

వాస్తవం: చెట్లూ పురుగులూ వెచ్చదనాన్ని బట్టి మేలుకుంటాయి. దూరం నుంచి వచ్చే వలసపక్షులు బయలుదేరేది చాలావరకు పగటి పొడవును బట్టి. అవి వచ్చేసరికి మేత అయిపోతుంది. నెదర్లాండ్స్‌లో పైడ్ ఫ్లైక్యాచర్ అనే పిట్టపై 2006లో వెలువడిన అధ్యయనం ప్రకారం, గొంగళిపురుగులు బాగా ముందే వచ్చిపోయే అడవుల్లో రెండు దశాబ్దాల్లో ఈ పిట్టల సంఖ్య సుమారు 90 శాతం పడిపోయింది. మీ తోటలో గూళ్లున్న వారాల్లో నాలుగు ఆకులు కొరికాయని గొంగళిపురుగుల మీద మందు కొట్టకండి. గూట్లో పిల్లలకు తల్లి తెచ్చిపెట్టేది వాటినే.