షనానా గుజ్మావ్: జైలు గదే స్థావరమైన ఏడేళ్లు

1992 నవంబర్ 20న తూర్పు తిమోర్ రాజధాని డిలీలో, లహానే ప్రాంతంలోని ఒక ఇంట్లో ఇండొనేషియా సైనికులు షనానా గుజ్మావ్‌ను పట్టుకున్నారు. ఇండొనేషియా పాలన నుంచి స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న ఫాలింటిల్ గెరిల్లా సేనకు ఆయనే అధిపతి. పదేళ్లకు పైగా కొండల్లో గాలించినా దొరకని మనిషి చివరికి నగరం నడిమధ్య దొరికాడు. దీంతో తిరుగుబాటు పని అయిపోయిందని జకార్తా అనుకుంది. ఆ లెక్క ఎక్కడ తప్పిందో తెలియాలంటే ముందు ఆయనపై పెట్టిన కేసు చూడాలి.

ఇండొనేషియా శిక్షాస్మృతిలోని 106 (దేశ భూభాగాన్ని విడదీసే ప్రయత్నం), 108 (తిరుగుబాటు) సెక్షన్లతో పాటు 1951 నాటి ఆయుధాల చట్టాన్నీ ప్రయోగించారు. ఈ సెక్షన్లు నిలవాలంటే తూర్పు తిమోర్ అసలు ఇండొనేషియా భూభాగమై ఉండాలి. చిక్కంతా అక్కడే. పోర్చుగల్ వలసగా ఉన్న ఆ సగం దీవిలో ఫ్రెటిలిన్ పార్టీ 1975 నవంబర్ 28న స్వాతంత్ర్యం ప్రకటించింది. తొమ్మిది రోజులు తిరక్కుండా, డిసెంబర్ 7న ఇండొనేషియా సైన్యం దిగింది. 1976 జూలైలో దాన్ని తన 27వ రాష్ట్రంగా కలుపుకుంది. సైన్యాన్ని వెనక్కి పిలవమని భద్రతా మండలి 384వ తీర్మానంలో కోరింది. విలీనాన్ని ఐరాస ఏనాడూ గుర్తించలేదు, దాని రికార్డుల్లో పాలనాధికార దేశంగా పోర్చుగల్ పేరే కొనసాగింది. అయినా ఆస్ట్రేలియా విలీనాన్ని గుర్తించి, 1989లో తిమోర్ సముద్రంలోని చమురు పంపకానికి ఇండొనేషియాతో ఒప్పందం కూడా చేసుకుంది. మన దేశం చరిత్రా గొప్పగా ఏమీ లేదు: 1975 డిసెంబర్‌లో ఐరాస సర్వసభ్య సభ ఈ దురాక్రమణను ఖండించినప్పుడు వ్యతిరేకంగా ఓటేసిన పది దేశాల్లో భారత్ ఒకటి. గోవా పోర్చుగల్ చేతి నుంచి బయటపడి అప్పటికి పద్నాలుగేళ్లే.

విచారణ 1993 ఫిబ్రవరి 1న డిలీ జిల్లా కోర్టులో మొదలైంది. ఇండొనేషియా లీగల్ ఎయిడ్ సంస్థ లాయర్లు వాదించడానికి ముందుకొచ్చినా వాళ్లను దగ్గరికి రానివ్వలేదు. అధికారులకు ఇష్టుడైన లాయరే వాదించాడు. తుది వాంగ్మూలాన్ని గుజ్మావ్ పోర్చుగీసులో రాసుకొచ్చారు. కోర్టును తాను గుర్తించడం లేదనీ, తాను తూర్పు తిమోర్ పౌరుణ్ననీ అందులో వాదించారు. కాసేపు చదవగానే జడ్జి ఆపించారు. కోర్టులో వినిపించనివ్వని ఆ కాగితాలు దొంగచాటుగా దేశం దాటాయి, ప్రపంచమంతా వాటిని చదివింది. మే 21న యావజ్జీవం పడింది. ఆగస్టులో ఇండొనేషియా అధ్యక్షుడు సుహార్తో దాన్ని 20 ఏళ్లకు తగ్గించాడు.

మరణశిక్ష వేసి ఉంటే అమరుడయ్యేవాడు. యుద్ధఖైదీగా చూస్తే యుద్ధం ఉందని ఒప్పుకోవాలి. మామూలు నేరస్థుడిగా జకార్తాలోని చిపినాంగ్ జైలుకు పంపడం వాళ్లకు తెలివైన పనిగా తోచింది. కానీ మామూలు ఖైదీకి ములాఖత్ ఉంటుంది. కొండల్లో ఉండగా ఒక్క విదేశీ విలేకరి ఆయన్ను కలవాలంటే అదే పెద్ద సాహసం. రాజధాని జైల్లోనైతే వచ్చిపోయేవాళ్ల చేతుల మీదుగా ఉత్తరాలు, టేపులు నడిచాయి. తర్వాత మొబైల్ ఫోన్, ల్యాప్‌టాప్ కూడా లోపలికి చేరాయి. జకార్తాలో పనిచేస్తున్న ఆస్ట్రేలియన్ కిర్స్టీ స్వార్డ్ ఆ ఉత్తరాలను చేరవేస్తూ, పాఠాలు పంపి ఆయనకు ఇంగ్లీషూ నేర్పారు. (2000లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు.) తిమోర్ విద్యార్థి సంఘం రెనెటిల్ నాయకుడు ఫెర్నాండో ద అరౌజో కూడా అదే జైల్లో ఉన్నారు. సుహార్తో లోపల పడేసిన ఇండొనేషియా కార్మిక నాయకులు, ప్రజాస్వామ్యవాదులతో పరిచయాలూ అక్కడే కుదిరాయి. తిమోర్‌కు ఇండొనేషియా లోపలే మిత్రులు దొరికారు.

ఈ ఏర్పాటు సాఫీగా సాగిందనుకోకూడదు. తన లాయర్‌పై ఫిర్యాదు చేస్తూ అంతర్జాతీయ న్యాయవేత్తల కమిషన్‌కు రాసిన లేఖ బయటపడ్డాక ఆయనకు ములాఖత్‌లు ఆపేశారు. అడవిలో దెబ్బలు ఇంకా పెద్దవి: ఆయన తర్వాత బాధ్యత తీసుకున్న మా హునో 1993 ఏప్రిల్‌లోనే పట్టుబడ్డాడు. ఆ తర్వాతి నాయకుడు కోనిస్ సంతానా 1998 మార్చిలో చనిపోయాడు. అప్పుడు తౌర్ మతాన్ రువాక్ క్షేత్రంలో దళాలు నడుపుతుంటే సర్వసేనాధిపతి పదవి మళ్లీ జైల్లో ఉన్న గుజ్మావ్‌కే వచ్చింది. అంతకుముందే, 1997 జూలైలో జకార్తా వచ్చిన మండేలా ఆయనతో కలిసి భోంచేస్తానని పట్టుబట్టడంతో ఖైదీని ప్రభుత్వ అతిథిగృహానికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

1998 మేలో సుహార్తో దిగిపోయాక తలుపులు తెరుచుకున్నాయి. 1999 ఫిబ్రవరిలో ఆయన్ను జకార్తాలోనే సాలెంబా ప్రాంతంలోని ఒక చిన్న ఇంట్లో గృహనిర్బంధానికి మార్చారు. తూర్పు తిమోర్ భవిష్యత్తుపై ఆగస్టు 30న ఐరాస జరిపిన ఓటింగులో 78.5 శాతం మంది ఇండొనేషియాలోనే ఉంటూ స్వయంప్రతిపత్తి పొందే ప్రతిపాదనను తోసిపుచ్చి స్వాతంత్ర్యం వైపు నిలిచారు. సెప్టెంబర్ 4న ఫలితం రాగానే ఇండొనేషియా సైన్యం అండతో మిలీషియాలు (విలీనాన్ని సమర్థించే సాయుధ ముఠాలు) ఊళ్లు తగలబెట్టాయి. ఫాలింటిల్ దళాలకు మాత్రం శిబిరాలు దాటొద్దని గుజ్మావ్ ఆదేశం. వాళ్లు ఒక్క తూటా పేల్చినా అది అంతర్యుద్ధమని చెప్పుకోవడానికి జకార్తాకు సాకు దొరుకుతుందని ఆయన భయం. కళ్లముందు ఇళ్లు కాలుతుంటే గెరిల్లాలు ఆ మాట మీద నిలబడ్డారు. సెప్టెంబర్ 20న అంతర్జాతీయ సేన దిగింది.

ఆయన్ను సెప్టెంబర్ 7నే విడిచిపెట్టారు. ఇంటికి వెళ్లే పరిస్థితి లేక జకార్తాలోని బ్రిటిష్ రాయబార కార్యాలయంలో తలదాచుకున్నారు. అక్టోబర్ మూడో వారంలో ఇండొనేషియా అత్యున్నత సభ విలీన తీర్మానాన్ని రద్దు చేసింది, ఆయనపై కేసుకు ఆధారమైంది అదే. 22న గుజ్మావ్ డిలీలో దిగారు.