తాటిచెట్టు కింద పాలు: పార్కు సందర్శకుల అడుగుజాడల్లో అనుమానం వెతకడం

అమ్యూజ్‌మెంట్ పార్కులో పిల్లల రైడ్ దిగే దారి పక్కన ఒక మనిషి 25 నిమిషాలుగా కదలకుండా నిలబడ్డాడు. అంతకు ముందు గంటలో ఏ రైడూ ఎక్కలేదు. ఇదే రైడ్ దగ్గరికి పొద్దున కూడా రెండుసార్లు వచ్చి వెళ్లాడు. కదలికల డేటాను కంప్యూటర్‌కిచ్చి వింతగా ఉన్నవాళ్లను తీయమంటే మొదటి పదిమందిలో ఇతని నంబరు వస్తుంది. చాలాసార్లు అతను పిల్లను రైడ్ ఎక్కించి, దిగేదాకా కాచుకున్న తండ్రి. పార్కు ఇచ్చే, చోటు తెలిపే రేడియో బ్యాండ్ పిల్ల చేతికి లేదు కాబట్టి డేటాలో ఆ పిల్లే లేదు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. ఈ డేటాకు చెట్టు తప్ప గ్లాసులో ఉన్నది కనిపించదు. ఈ పనిలో తెలివంతా వింతను పట్టుకోవడంలో కాదు, పట్టుకున్న వింతకు మామూలు కారణాలు ఒక్కొక్కటీ కొట్టేయడంలో ఉంది.

ముందు డేటా ఎలా పుడుతుందో చూద్దాం. ఒక్కో రికార్డులో సమయం, బ్యాండ్ లేదా ఫోన్ సంఖ్య, గేటు దగ్గర స్కాన్ చేశారా లేక ఊరికే కదిలారా అన్న గుర్తు, చోటును చెప్పే రెండు నిరూపకాలు ఉంటాయి. అంతే. వాల్ట్ డిస్నీ వరల్డ్ 2013లో తెచ్చిన మ్యాజిక్‌బ్యాండ్ లాంటి వాటిలో రెండు రకాల రేడియోలుంటాయి. ఒకటి గేటుకు ఆనించినప్పుడు పనిచేసే దగ్గరి రకం, రెండోది కొన్ని మీటర్ల దూరం నుంచి అందే 2.4 గిగాహెర్ట్జ్ రకం. మొదటిది చెప్పే చోటు కచ్చితం, కానీ ఆనించిన క్షణానికే. రెండోది నిరంతరం, కానీ ఉజ్జాయింపు. బ్లూటూత్ బీకన్లు, అంటే అక్కడక్కడా బిగించిన చిన్న సిగ్నల్ పెట్టెలు, పార్కులో కొన్ని మీటర్ల తేడాతో చోటు చెబుతాయి. వైఫై తేడా ఇంకా ఎక్కువ. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే ఇంకో రేడియో పద్ధతి అయితే అనుకూలమైన చోట్ల 10 నుంచి 30 సెంటీమీటర్ల దాకా తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది.

నిజమైన పార్కులు ఈ డేటాను బయటపెట్టవు. అందుకే నేర్చుకునేవాళ్లంతా తరచూ వెళ్లేది 2015 నాటి వాస్ట్ ఛాలెంజ్ అనే డేటా విశ్లేషణ పోటీ దగ్గరికి. నిర్వాహకులు డైనోఫన్ వరల్డ్ అనే ఊహా పార్కును తయారు చేసి, దాన్ని 5 మీటర్ల గడులుగా కోసి, ఒక వారాంతంలోని మూడు రోజుల కదలికలను పోటీదారుల చేతికిచ్చారు. ప్రదర్శనశాలలో జరిగిన విధ్వంసం ఎప్పటిది, ఎవరి పని అన్నది తేల్చాలి. అక్కడ జరిగిందేమిటో ముందే చెప్పారు, వెతకాల్సిన చోటూ తెలుసు. పార్కు భద్రతా గదిలో రోజూ ఎదురయ్యే ప్రశ్నకు ఆ రెండూ ఉండవు. ఈ తేడాను మరిచిపోతే ఎదురుదెబ్బ తప్పదు.

పరిమాణం సంగతి. పదివేల మంది, పది గంటలు, సెకనుకొక రికార్డు అంటే 36 కోట్ల వరుసలు. అందుకే గడి మారినప్పుడే రాసుకోవడం మేలు. మామూలు నడక సెకనుకు దాదాపు 1.4 మీటర్లు కాబట్టి, నడిచే మనిషికి మూడున్నర సెకన్లకొక వరుస, క్యూలో నిలబడ్డవాడికి ఏమీ లేదు. ఇందులో ఒక చిక్కుంది: వరుస రాలేదంటే మనిషి కదల్లేదా, బ్యాండ్ చచ్చిపోయిందా? రెండూ ఒకేలా కనిపిస్తాయి. కదలకపోయినా నిమిషానికొకసారి ‘ఉన్నాను’ అనే గుర్తు పంపేలా ముందే పెట్టుకోకపోతే తర్వాత దీన్ని విడదీసే దారే లేదు.

ఇక డేటాలోని మురికి. గేట్ల గడియారాలు 40 సెకన్లు తేడాగా ఉంటే 60 మీటర్ల దూరంలోని రెండో గేటుకు మనిషి ఎగిరి వచ్చినట్టు లెక్క తేలుతుంది. కాబట్టి మొదటి పరీక్ష వేగం: ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన రెండు చోట్ల మధ్య దూరాన్ని సమయంతో భాగించి, సెకనుకు 3 మీటర్లు దాటిన వాటిని పక్కన పెట్టాలి. పరుగెత్తే పిల్లలు ఈ హద్దు దాటుతారు కనుక ఒక్కసారి దాటితే పట్టించుకోకూడదు. రోలర్ కోస్టర్ పట్టాల మీది గడులను ఈ పరీక్ష నుంచి తప్పించాలి, లేదంటే రైడ్ ఎక్కిన ప్రతివాడూ దోషే. తప్పుడు రికార్డును నమ్మి కాపలావాళ్లను పరుగెత్తించడం ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టే.

రేడియోకు తనదైన మొండితనం ఉంది. ఇనుప దూలాలు సిగ్నల్‌ను తిప్పికొట్టి మనిషిని పక్క గడిలో చూపిస్తాయి. నీళ్లు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను పీల్చుకుంటాయి. మనిషి ఒళ్లు చాలావరకు నీరే. దాంతో జనం ఒత్తుకునే కొద్దీ చోటు లెక్క చెడుతుంది, అంటే జేబుదొంగకు అనువైన గడియలోనే డేటా మసకబారుతుంది. ఫోన్ల మీద ఆధారపడితే ఇంకో తలనొప్పి. 2014 నుంచి ఫోన్లు వైఫై వెతుకులాటలో తమను గుర్తించే నెట్‌వర్క్ చిరునామాను మార్చుకోవడం మొదలుపెట్టాయి. ఒకే ఫోన్ పది ‘మనుషులు’గా కనిపిస్తుంది, ఒక్కొక్కరు నాలుగు నిమిషాలు మెరిసి మాయమవుతారు. వాళ్లను అనుమానితులుగా ఎంచితే జాబితా నిండా దయ్యాలే. వాటర్ పార్కు లాకర్ల సంగతి సరేసరి: గోడ వారగా 40 ఫోన్లు మూడు గంటలు కదలకుండా ‘గుమిగూడి’ ఉంటాయి.

శుభ్రం చేశాక ప్రతి జాడనూ మజిలీలుగా కుదించాలి. 20 మీటర్ల వ్యాసార్థం దాటకుండా 5 నిమిషాలకు మించి ఉంటే అది ఒక మజిలీ. ఈ రెండు సంఖ్యలను పార్కును బట్టి మార్చుకోవాలి. వ్యాసార్థం మరీ తగ్గిస్తే పాకే క్యూ పది ముక్కలవుతుంది, పెంచితే ఎదురెదురు రైడ్లు ఒకటైపోతాయి. ఇలా చేస్తే వేల వరుసల రోజు కొన్ని పదుల మజిలీల దండలా మారుతుంది. దండలను ఒకదానితో ఒకటి పోల్చవచ్చు కూడా: ఒకదాన్ని రెండోదిగా మార్చడానికి ఎన్ని మజిలీలు చేర్చాలి, తీసేయాలి, మార్చాలి అన్న లెక్క అది. గణితవేత్త లెవెన్‌ష్టైన్ 1965లో అక్షరాల వరుసల కోసం చెప్పిన దూరమే ఇక్కడా పనికొస్తుంది.

తర్వాతి మెట్టును చాలామంది దాటేస్తారు, నిజానికి అదే ముఖ్యం: ఎవరు ఎవరితో వచ్చారు? జనం పార్కుకు ఒంటరిగా రావడం అరుదు. ఇద్దరు ఒకే గడిలో చాలాసేపు ఉంటే జంట అనుకోవడం తేలికే కానీ, క్యూలో పక్కపక్కన పడ్డ అపరిచితులు కూడా 45 నిమిషాలు జంటే. కాబట్టి కనీసం మూడు వేర్వేరు మజిలీల్లో కలిసి ఉన్నవాళ్లనే బృందంగా లెక్కించాలి. బృందం తెలిస్తే మొదట్లో చెప్పుకున్న తండ్రి జాబితా నుంచి జారిపోతాడు: అతనితో వచ్చిన తల్లి అదే సమయంలో ఆ రైడ్‌లో ఉంది. పిల్లా తనూ మాత్రమే వస్తే జారడు. బ్యాండ్ లేని పిల్లల లెక్కను టికెట్ అమ్మినప్పుడే బృందానికి జత చేసుకుంటే అదీ తీరుతుంది. ఊడ్చేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, తోపుడుబండ్లవాళ్లు రైడ్లు ఎక్కకుండా రోజంతా తిరుగుతారు. వాళ్ల నంబర్లను మొదటే విడిగా పెట్టాలి.

ఇప్పుడు ‘మామూలు’ అంటే ఏమిటో కొలవాలి. సగటు, ప్రామాణిక విచలనం ఇక్కడ మోసం చేస్తాయి, ఎందుకంటే బెంచీ కింద పడిపోయిన ఒక్క బ్యాండ్ సగటును పైకి లాగేస్తుంది. మధ్యగతం, అంటే విలువలను వరుసగా పేర్చితే నడిమిది, నయం. ఒక చోట ఆగే సమయాల మధ్యగతం 8 నిమిషాలు, దాని నుంచి తేడాల మధ్యగతం 2 నిమిషాలు అనుకుందాం. 25 నిమిషాలు నిలబడ్డవాడి స్కోరు: 25 లోంచి 8 తీసేసి, 2తో భాగించి, ఈ కొలతకు వాడే స్థిరాంకం 0.6745తో గుణిస్తే 5.73. సాధారణంగా 3.5 దాటితే వింత అంటారు. కానీ మధ్యాహ్నపు మధ్యగతంతో సాయంత్రాన్ని కొలవకూడదు. వాన కురిస్తే అందరూ షెడ్డు కిందికి చేరతారు, రైడ్ చెడిపోతే వందలమంది క్యూ మధ్యలోంచి వెనక్కి తిరుగుతారు. గంట, రోజు, వాతావరణం, ఆగిపోయిన రైడ్ల చిట్టా పక్కన లేకుండా వేసిన స్కోరు వట్టి అంకె. స్వయంగా వింతలను ఏరే ఐసొలేషన్ ఫారెస్ట్ లాంటి పద్ధతులు ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. అయితే ఎందుకు ఏరిందో అవి సూటిగా చెప్పవు. కారణం తెలియని అలారంతో కాపలాదారు ఏం చేయాలి?

అందుకే ‘వింతవాళ్లెవరు’ అని అడిగే బదులు ఇరుకైన ప్రశ్నలు అడగడం లాభం. అన్నిటికన్నా నమ్మదగింది దొంగ పాస్‌ను పట్టే ప్రశ్న: ఒకే పాస్ 600 మీటర్ల దూరంలోని రెండు గేట్ల దగ్గర ఒక నిమిషంలో స్కాన్ అయితే, గడియారాలు సరిగా ఉన్నంతవరకు, దానికి అమాయకమైన వివరణలు తక్కువ.

జేబుదొంగతనం కష్టం. అయినా సొగసైన లెక్క ఉన్నది ఇక్కడే. ఫిర్యాదు చేసినావిడ 3:10కి పర్సు లేదని గుర్తించింది, చివరిసారి వాడింది 1:40కి. తొంభై నిమిషాల్లో ఆమె నాలుగు చోట్లు తిరిగింది. ఒక చోటు తీసుకుని అక్కడున్నవాళ్లందరినీ పట్టుకోవడం దండగ; ఆమె జాడ వెంట 5 మీటర్లలోకి వచ్చినవాళ్లను తీయాలి. అలాంటి ఫిర్యాదులు నాలుగు వస్తే, ఒక్కో జాబితాలో 400 మంది ఉన్నారనుకుందాం, అంటే పదివేలలో 4 శాతం. యాదృచ్ఛికంగా మొదటి రెండు జాబితాల్లోనూ పడేవాళ్లు 16 మంది, మొదటి మూడింటిలోనూ పడేవాళ్లు ఒక్కరికన్నా తక్కువ (0.64), నాలుగింటిలో 0.03 కూడా ఉండరు. చూడటానికి అద్భుతం. కానీ ఈ గుణకారం జాబితాలు ఒకదానికొకటి సంబంధం లేనివైతేనే చెల్లుతుంది. పొద్దున ఒకే గేటులోంచి వచ్చి, ఒకే ప్రధాన దారి పట్టిన జనం అన్ని జాబితాల్లోనూ కలిసే వస్తారు. సిబ్బందీ వస్తారు. కాబట్టి 0.64 అని కాగితం చెప్పినచోట ఇరవై మంది తేలితే ఆశ్చర్యపోవక్కర్లేదు.

వెంటపడటాన్ని కూడలి దగ్గర కొలవాలి. తిన్నని దారిలో వెనకాల వచ్చేవాళ్లంతా వెంటపడుతున్నవాళ్లే! మూడు దారులు చీలేచోట ఒకే దారి పట్టే అవకాశం మూడింట ఒకటి అయితే, ఆరు కూడళ్లలో వరుసగా ఒకటే కావడం 729లో ఒకటి. అయితే పదిమందిలో ఏడుగురు పట్టే దారే ప్రతిసారీ ఎంచుకుంటే ఆ సంభావ్యత 0.7 ఆరుసార్లు గుణించినంత, దాదాపు 12 శాతం, అంటే ఏమీ లేనట్టే. అరుదైన మలుపుకు బరువెక్కువ వేయాలి. ఇంకో ఆధారం వరుసక్రమం: కలిసి వచ్చినవాళ్లలో ఒకసారి ఒకరు, ఇంకోసారి మరొకరు ముందుంటారు. వెంటపడేవాడు ఎప్పుడూ 5 నుంచి 20 సెకన్లు వెనకే.

లేకపోవడం కూడా సాక్ష్యమే అని డేటాతో పనిచేసేవాళ్లు కొంచెం ఆలస్యంగా నేర్చుకుంటారు. క్యూలో చేరి, రైడ్ ఎక్కకుండా మధ్యలోంచి బయటపడి, మళ్లీ ఇంకో క్యూలో చేరేవాడు. మూసిన వేళలో ప్రదర్శనశాల దగ్గర పావుగంట మాత్రమే సిగ్నల్ ఆగిన బ్యాండ్. రెండోదాన్ని చూసి ఎగిరే ముందు అదే పావుగంటలో అక్కడి ఇతర బ్యాండ్లు పలికాయా చూడాలి. అన్నీ ఆగితే చెడింది బీకన్. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లు డేటాలో దొరకరు; ముందుచూపున్న దొంగ బ్యాండ్‌ను లాకర్లో పెట్టి వెళ్తాడు.

ఇంతా చేసి ఒక లెక్క. పదివేల మందిలో అయిదుగురు దొంగలు. మన పద్ధతి దొంగల్లో 99 శాతం మందిని పడుతుంది, అమాయకుల్లో 1 శాతాన్నే తప్పుగా పడుతుంది అనుకుందాం. ఇంత మంచి పద్ధతి ఎవరి దగ్గరా లేదు. అయినా దాదాపు వందమంది అమాయకులు, అయిదుగురు దొంగలు ఒకే జాబితాలో కూర్చుంటారు. వేలు పెట్టి చూపిన ప్రతి 21 మందిలో 20 మంది ఏ తప్పూ చేయనివాళ్లు. అందుకే అలారం మోగగానే మనిషిని ఆపకూడదు. సిబ్బంది ఒకరు అటుగా నడిచి ‘ఏమైనా సాయం కావాలా’ అని అడిగితే చాలు. బ్యాండ్ పోగొట్టుకున్నవాళ్లూ, తప్పిపోయిన పిల్లలూ బయటపడేది ఎక్కువగా అప్పుడే.

ఈ జాడలను దాచుకోవడం కూడా ప్రమాదమే. 2013లో పరిశోధకుడు ద మాంజోయ్, ఆయన సహచరులు 15 లక్షల మంది ఫోన్ల కదలికలను పరిశీలించి, ఒక మనిషి ఎప్పుడు ఎక్కడున్నాడో నాలుగు బిందువులు తెలిస్తే 95 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని చూపారు. పేరు తీసేసినంత మాత్రాన జాడ అనామకం కాదు. ఫోన్ చిరునామాను హ్యాష్ చేసినా, అంటే ఒక సూత్రంతో గుర్తుపట్టలేని సంఖ్యగా మార్చినా, సాధ్యమైన చిరునామాలన్నిటినీ హ్యాష్ చేసి పోల్చుకుని వెనక్కి రాబట్టవచ్చు. రోజుకొక రహస్య సంఖ్యను కలిపి హ్యాష్ చేసి, రాత్రి ఆ సంఖ్యను చెరిపేస్తే నిన్నటి మనిషికీ ఇవాళ్టి మనిషికీ ముడి తెగుతుంది. దాంతోపాటే రోజుల తరబడి రెక్కీ చేసేవాణ్ని పట్టే అవకాశమూ పోతుంది. రెండూ కావాలంటే కుదరదు. ఫిర్యాదున్న జాడలను మాత్రం విడిగా, గడువు పెట్టి ఉంచుకోవడం మధ్యేమార్గం.

భద్రతా గదిలో ఒక షిఫ్టులో నింపాదిగా చూడగలిగేది పదో పన్నెండో అలారాలు. కాబట్టి స్కోరుకు హద్దు పెట్టే బదులు పైనుంచి పది మాత్రమే చూపించడం మేలు. ప్రతిదాని పక్కనా ఎందుకు ఎంచిందో ఒక్క వాక్యం ఉండాలి, చూసొచ్చినవాళ్లు కారణం నమోదు చేయాలి: పడిపోయిన బ్యాండ్, సిబ్బంది, పిల్ల కోసం ఎదురుచూపు, బీకన్ లోపం, గడియారం తేడా. నెల తిరిగేసరికి ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో దానికొక వడపోత రాయాలి. దాంతోపాటు అలారం మోగని చోట్లలో కూడా రోజుకు రెండు మూడింటిని చీటీ తీసినట్టు ఎంచి చూసిరావాలి; లేదంటే పద్ధతి చూపినచోటే వెతికి, అక్కడే దొరికారని పద్ధతికి మార్కులు వేస్తూ పోతాం.