మార్కు కలిసింది సరే, ఏ స్ట్రోకులో కలిసింది?

పోయిన ఆదివారం కూడా అదే ఫోను. "డిస్ట్రిబ్యూటర్ కొత్తది వేయించామండీ, మార్కు కలిపే పెట్టారంట, అయినా స్టార్ట్ కావట్లేదు, సెల్ఫ్ కొడితే కార్బొరేటర్లోంచి మంట వస్తోంది, ఇంజను విప్పాలంటున్నారు." ఈ గోదావరి లంకల్లో, కాలవగట్ల మీద పాత బండ్లతో ఇరవై ఏళ్లకి పైగా పనిచేస్తున్నాను. పాలకొల్లు నుంచి వచ్చినా, రాజోలు నుంచి వచ్చినా, అమలాపురం నుంచి వచ్చినా ఫోన్లో మాట ఇదే. విప్పిన ఇంజన్లు కూడా చాలానే చూశాను, వాటిలో సగానికి పైగా విప్పక్కర్లేనివి. అందుకే పాత పెట్రోలు బండ్ల టైమింగ్ గురించి, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ (స్పార్క్) ఎప్పుడు పడాలన్నదాని గురించి రాస్తున్నాను. ఆ స్పార్క్‌ని వంతు ప్రకారం ఒక్కో సిలిండర్ ప్లగ్గుకి పంచేదే డిస్ట్రిబ్యూటర్.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు తినే అపోహ ముందు చెప్తాను. క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, దాని చివర పుల్లీ మీద గీత (అదే మార్కు) టైమింగ్ ముల్లుకి ఎదురుగా వచ్చిందంటే ఒకటో సిలిండర్ ఫైరింగ్‌కి, అంటే స్పార్క్ పడాల్సిన చోటికి వచ్చేసినట్టే అనుకుంటారు. బండి సొంతదారులే కాదు, చేయి తిరిగిన మెకానిక్కులు కూడా తొందరలో ఇలాగే అనుకుంటారు.

వాస్తవం ఏంటంటే ఆ గీత సగం మాటే చెప్తుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో ఒక సిలిండర్ తన పని పూర్తి చేయడానికి క్రాంకు రెండు చుట్లు తిరగాలి. ఆ రెండు చుట్లలో పిస్టన్ రెండుసార్లు పైకొస్తుంది, గీత కూడా రెండుసార్లు కలుస్తుంది, ఒకసారి కంప్రెషన్ (గాలి, పెట్రోలు ఆవిరి నొక్కే స్ట్రోకు) చివర, ఇంకోసారి ఎగ్జాస్ట్ (పొగ బయటికి తోసే స్ట్రోకు) చివర. స్పార్క్ పడాల్సింది కంప్రెషన్ చివర. క్రాంకు రెండు చుట్లకి డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు తిరిగేది ఒక్క చుట్టే, కాబట్టి మొదటిసారి ఆ షాఫ్టు మీద తిరిగే రోటర్ ముక్క ఒకటో ప్లగ్ వైరు వైపు ఉంటే రెండోసారి సరిగ్గా దానికి ఎదురువైపు ఉంటుంది. ఎగ్జాస్ట్ చివర గీత కలిపి, అదే ఫైరింగ్ అనుకుని డిస్ట్రిబ్యూటర్ దించితే 180 డిగ్రీలు తేడా వస్తుంది. అప్పుడు ఇన్‌టేక్ వాల్వు తెరుచుకునే సమయానికి స్పార్క్ పడుతుంది, లోపలికి రావాల్సిన పెట్రోలు ఆవిరి అంటుకుని కార్బొరేటర్లోంచి మంట కొడుతుంది. అది చూసి టైమింగ్ చైను జారిందని, వాల్వులు వంగాయని, హెడ్ దించాలని మాట మొదలవుతుంది.

దీన్ని తేల్చుకోవడానికి కావాల్సింది ఒక ప్లగ్ స్పానరు, మీ బొటనవేలు, అంతే. ఒకటో ప్లగ్ తీసి ఆ కన్నం మీద వేలు గట్టిగా పెట్టండి. స్పార్క్ రాకుండా ముందు కాయిల్ (స్పార్క్‌కి హై వోల్టేజి చేసేది) వైరు పీకేయండి, బండి న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకోండి. ఇంకొకరిని క్రాంకు బోల్టుకి స్పానరు వేసి ఇంజను తిరిగే దిక్కులోనే మెల్లగా తిప్పమనండి, అంబాసిడర్ అయితే హ్యాండిల్ చాలు. గాలి మీ వేలిని బయటికి నెట్టుకుంటూ వచ్చినప్పుడు గీత కలిస్తే అదీ కంప్రెషన్. వేలికి ఏమీ తగలకుండా గీత కలిస్తే అది ఎగ్జాస్ట్, ఇంకో చుట్టు తిప్పాలి. నరసాపురంలో నాకు పని నేర్పిన గురువుగారు మొదటి మూడు నెలలూ నా చేతికి టైమింగ్ లైటు (స్పార్క్ పడినప్పుడల్లా వెలిగి గీతని చూపించే దీపం) ఇవ్వలేదు, ముందు వేలితో నేర్చుకో అనేవారు. ఇప్పటికీ లైటు తీసే ముందు వేలు పెట్టి చూడందే నాకు మనసు ఒప్పదు.

ఒక మాస్టారి సంగతి చెప్పాలి. రాజోలు దగ్గర ఊరు, రిటైర్ అయిన టీచర్, వాళ్ల నాన్నగారు కొన్న అంబాసిడర్. కొడుకు పెళ్లికి కోడల్ని ఆ బండిలోనే ఇంటికి తీసుకురావాలని ఆయన కోరిక. డిస్ట్రిబ్యూటర్ అరిగిపోయిందని ఒక షెడ్డులో కొత్తది వేయించారు, బండి స్టార్ట్ కాలేదు. చైను జారింది, ఇంజను దించాలి, ముప్పై వేలు దాటుతుంది, పెళ్లిలోపు అవదు అన్నారంట. ఫోన్లో ఆయన గొంతు వణుకుతోంది. "ఇంజను విప్పాలంట బాబూ, నాన్నగారు పోయాక నేను సరిగ్గా చూసుకోలేదేమో" అన్నారు. నాకు చాలా బాధేసింది, ఆయన చేసిన తప్పు ఏమీ లేదు అందులో. వెళ్లి ఒకటో ప్లగ్ తీసి వేలు పెట్టి చూశాను. కంప్రెషన్ బ్రహ్మాండంగా ఉంది, గీత కలిసినప్పుడు రోటర్ సరిగ్గా క్యాపు (ప్లగ్ వైర్లు వచ్చే మూత) లోపలి ఒక పలక మీదికే వచ్చి ఆగుతోంది. చైను జారితే అలా ఆగదు. అంబాసిడర్ డిస్ట్రిబ్యూటర్ అడుగున నాలుక మధ్యలో కాకుండా కొంచెం పక్కకి ఉంటుంది, కింద డ్రైవ్ గేర్‌ని కదపనంత వరకూ అది తలకిందులుగా కూర్చోదు. మరి తప్పెక్కడ? వాళ్లు ఎగ్జాస్ట్ చివర గీత కలిపి, రోటర్ ఎటు ఉందో చూసి, ఆ చోట ఒకటో వైరు పెట్టి, మిగతావి దాని ప్రకారం మార్చేశారు. ఒకటీ నాలుగూ తారుమారు చేశాను, రెండూ మూడూ తారుమారు చేశాను. రెండోసారి సెల్ఫ్‌కే అందుకుంది. మాస్టారు అక్కడే గట్టు మీద కూర్చుండిపోయారు, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇలా వైర్లు మార్చడం నాలుగు సిలిండర్ల బండిలో, 1-3-4-2 వరసలో స్పార్క్ పడితేనే కుదురుతుంది. పాత కార్బొరేటర్ మారుతీ 800 మూడు సిలిండర్లది, అందులో 180 తేడా వస్తే రోటర్ రెండు వైర్ల మధ్యన నిలబడుతుంది, వైర్లు మార్చి సరిచేయలేరు, డిస్ట్రిబ్యూటర్ పైకి తీసి మళ్లీ దించాల్సిందే. షాఫ్టుకే గేరు ఉన్న డిస్ట్రిబ్యూటర్లలో ఇంకో సంగతి. గేరు పళ్లు ఏటవాలుగా ఉంటాయి, అందుకని దించేటప్పుడు రోటర్ కొంచెం తిరిగి కూర్చుంటుంది. ఎక్కడికి రావాలో అక్కడ పెట్టి దించితే ఒక పన్ను అవతలికి పోతుంది. పాతది పైకి లాగేటప్పుడు రోటర్ ఎంత తిరిగిందో చూసి, కొత్తదాన్ని అంత వెనక్కి పెట్టి దించాలి. పాతది తీసే ముందే బాడీకీ బ్లాకుకీ కలిపి ఒక పెయింటు గీత గీసి, వైర్లకి నంబర్లు రాసి, ఫోన్లో రెండు ఫొటోలు తీసుకుంటే ఈ గొడవలో ముప్పావు వంతు అసలు రాదు. తీశాక ఇంజను తిప్పకండి, గేర్లో పెట్టి బండి తోయకండి.

రెండో అపోహ, చెవితో పెట్టిన టైమింగే అసలు టైమింగ్ అని. ఐడిల్‌లో డిస్ట్రిబ్యూటర్ తిప్పుతూ పోతే అడ్వాన్స్, అంటే స్పార్క్ ముందుగా పడడం, పెరిగే కొద్దీ ఇంజను స్పీడందుకుంటుంది, శబ్దం నున్నగా వినిపిస్తుంది, బండాయన మొహంలో నవ్వొస్తుంది, బోల్టు బిగించేస్తారు. మన నేల పలకలా చదును, ఒక్క మనిషి కూర్చుని భీమవరం దాకా వెళ్లొస్తే ఏమీ తెలీదు. ఒక కుటుంబం పద్మిని కారులో ఐదుగురు ఎక్కి వ్రతానికి అన్నవరం బయల్దేరారు, కొండ ఎక్కేటప్పుడు ఇంజన్లో గాజు సీసాలో గోళీలు ఆడించినట్టు చప్పుడు. ట్యాపెట్లు అనుకున్నారు, పెట్రోలు కల్తీ అనుకున్నారు. అది నాకింగ్, స్పార్క్ మరీ ముందుగా పడి లోపలి పెట్రోలు ఆవిరి కొంత తనంతట తానే పేలడం. తిరిగొచ్చేసరికి ఒక పిస్టన్లో రింగుల మధ్య గట్టు విరిగిపోయింది. చెవి అక్కర్లేదని నేననను, చివర్లో సరిచూసుకోవడానికి కావాలి, మొదలుపెట్టడానికి మాత్రం లైటు కావాలి. లైటు లేకపోతే పన్నెండు వోల్టుల బల్బు చాలు. ఒక వైరు కాయిల్‌కి డిస్ట్రిబ్యూటర్ వైపున్న టెర్మినల్‌కి, ఇంకోటి ఎర్తుకి కలపండి. కంప్రెషన్ మీద, మీ బండి పుస్తకంలో చెప్పిన డిగ్రీల దగ్గర ఇంజను ఆపి, స్విచ్ ఆన్ చేసి, బాడీని రోటర్ తిరిగే దిక్కుకి తిప్పితే పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుని మూసుకునే స్విచ్ లాంటివి) మూసుకుని బల్బు ఆరుతుంది. అక్కడి నుంచి మెల్లగా ఎదురు దిక్కుకి తిప్పండి, బల్బు వెలిగిన క్షణమే స్పార్క్, అక్కడే బిగించండి. స్విచ్ ఆన్‌లో ఎక్కువసేపు వదిలేయకండి, కాయిల్ కాలిపోతుంది. లైటుతో చూసేవాళ్లు డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వాక్యూమ్ పైపు తీసి మూసి, ఐడిల్‌లోనే చూడండి.

ముందు పాయింట్ల గ్యాప్, తర్వాతే టైమింగ్. ఈ వరస తిరగేస్తే చేసిన పనంతా వృథా, ఎందుకంటే గ్యాప్ పెరిగితే టైమింగ్ ముందుకి జరుగుతుంది, తగ్గితే వెనక్కి పోతుంది. అంబాసిడర్ లూకాస్ పాయింట్లకి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ఫీలర్ గేజ్ పెట్టే చూడండి, బ్లేడు ముక్కతో కాదు.

వేడెక్కుతోందంటే రేడియేటరే అనేది ఇంకో మాట. టైమింగ్ బాగా వెనకబడ్డా ఇంజను వేడెక్కుతుంది, లాగదు, మైలేజీ పోతుంది. రేడియేటర్ దించే ముందు ఐదు నిమిషాలు లైటు పెట్టి చూడమనండి.

మిస్సింగ్ వచ్చిన ప్రతిసారీ డిస్ట్రిబ్యూటర్ మొత్తం మార్చక్కర్లేదు. చాలాసార్లు కండెన్సరో, రోటరో, క్యాపో. వానల్లో మన తేమకి క్యాపు లోపల చెమ్మ పడుతుంది, పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది, కానీ లోపల పెన్సిలు గీతలాంటి నల్లటి చార కనిపిస్తే క్యాపు మార్చండి. అంతర్వేది వైపు ఉప్పుగాలికి టెర్మినల్స్ పచ్చగా తుప్పుపడతాయి, అవీ చూడండి. షాఫ్టుని వేళ్లతో పట్టుకుని పక్కకి ఊపితే ఆడుతుంటే మాత్రం డిస్ట్రిబ్యూటర్‌కి పని ఉన్నట్టే, ఎన్ని కొత్త పాయింట్లు వేసినా గ్యాప్ నిలవదు.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టిస్తే టైమింగ్ చూసుకునే పనే ఉండదంటారు. ఉంటుంది. పాయింట్లు అరిగే బెడద పోతుంది గానీ బాడీ ఎక్కడ బిగించారన్నది అప్పుడూ ముఖ్యమే. కొత్త ఇథనాల్ పెట్రోలు వల్లే నాకింగ్ అనేది కూడా తప్పు, 20 శాతం కలిపినదానికి ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే కొలత) కనీసం 95, పాత పెట్రోలు కంటే ఎక్కువే. పాత రబ్బరు పైపులు, డయాఫ్రమ్‌లు దానివల్ల చెడతాయి, అవి చూసుకోండి.

అన్నీ అయ్యాక క్లాంపు బోల్టు బిగించి, నలుగుర్ని ఎక్కించుకుని చించినాడ వంతెనో సిద్ధాంతం వంతెనో టాప్ గేర్లో ఎక్కించి వినండి. చప్పుడు వస్తే ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి జరపండి. కొత్త పాయింట్లలో షాఫ్టుకి రాసుకునే మడమ మొదట్లో త్వరగా అరుగుతుంది, 500 కిలోమీటర్లు తిరిగాక గ్యాప్ మళ్లీ చూసి, దాంతోపాటే టైమింగ్ కూడా చూడండి.