ఖాజాగూడ గుండ్లను ఎవరు చెక్కారు?

చిరంజీవులు అనన్యకు, విక్రమ్‌కు తాతయ్య ఆశీస్సులు.

ఖాజాగూడ గుట్ట చూసి వచ్చి, ఆ గుండ్లను మూసీ దొర్లించి నున్నగా చేసిందా అని అడిగారు. ఫోనులో తేలే సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను. నది వాటిని దొర్లించలేదు, చాలా గుండ్లు పుట్టిన చోటే ఉన్నాయి. అలాగని నీటి ప్రమేయం లేదనుకోకండి.

మన గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో కరిగిన శిల మెల్లగా చల్లారి గట్టిపడినది. పైనున్న పొరలన్నీ అరిగిపోయి బరువు తగ్గేసరికి రాతికి నిలువునా అడ్డంగా పగుళ్లు వచ్చాయి. వాన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కాస్త ఆమ్లగుణంతో ఆ పగుళ్లలోకి దిగుతుంది. గ్రానైట్‌లో గులాబీ, తెలుపు రంగుల్లో కనిపించే ఫెల్డ్‌స్పార్‌ను బంకమట్టిగా మార్చేస్తుంది. పలుగురాయి మాత్రం దానికి లొంగదు. మూలలకు రెండు మూడు వైపుల నుంచి నీటి తాకిడి ఉంటుంది కాబట్టి అవే ముందు పోతాయి. పలకల దిమ్మ గుండవుతుంది. ఇదంతా చాలావరకు నేల కిందే జరిగింది. ఎక్కడైనా అపార్ట్‌మెంటుకు పునాది తవ్వుతుంటే దూరం నుంచి చూడండి. ఎర్రటి మొరంలో గుండ్లు ఇంకా పూడుకొనే ఉంటాయి. ఆ మొరం పిడికెడు తీసుకొని నలిపితే పలుగు గింజలు గరగరమంటూ రాలతాయి. గుట్టల మీద వానలు ఈ మొరాన్ని కడిగేస్తే గుండ్లు ఒకదానిపై ఒకటి మిగిలాయి.

కొట్టుకుపోయిన గింజలు వాగుల్లోంచి మూసీలోకి, వాడపల్లి దగ్గర కృష్ణలోకి చేరతాయి. నది కోతకు పనిముట్లు ఇవే. వట్టి నీరు గట్టి రాతిని పెద్దగా కోయలేదు. ఇసుకా గులకరాళ్లూ తోడైతే నది అడుగున ఉప్పు కాగితం రుద్దినట్టే. సుడిలో చిక్కిన రాయి అక్కడే గిరగిరా తిరిగి, నదిలోని బండలో గుండ్రని గొయ్యి తొలుస్తుంది. ఇందులో పెద్ద పని వరద రోజుల్లోనే జరుగుతుంది. మూసీ వరద బలం ఎంతటిదో 1908 సెప్టెంబరు 28న నగరమంతా చూసింది. ఆ తరువాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు.

జలాశయంలో నీరు నిలబడగానే ఇసుకా ఒండ్రూ అడుగుకు దిగుతాయి. బరువు దిగిన నీరు కిందికి వెళ్లి నది అడుగునే తవ్వుతుంది. అటు డెల్టాకు చేరాల్సిన మట్టి చేరదు, సముద్రం తీరాన్ని కోసుకుపోతుంది. ఆనకట్టల లాభాలు చెప్పేవాళ్లు ఈ సంగతి ఎందుకో దాటేస్తారు.

సంక్రాంతి సెలవులకు గండికోట వెళ్దామంటున్నాడు మీ నాన్న. అక్కడి రాయి గ్రానైట్ కాదు, ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన క్వార్ట్జైట్. అంత గట్టిది కాబట్టే, పెన్న కోసినా ఒడ్డు ఏటవాలుగా జారిపోకుండా గోడలా నిలిచింది. మెత్తని రాయైతే లోయ వెడల్పయిపోయేది. అవతలి గోడలో పొరల మీద పొరలు కనిపిస్తాయి, నిదానంగా చూడండి. విక్రమ్, ఫొటోల కోసం అంచు దగ్గరికి పోకు నాయనా.

మీ తాతయ్య