ఘాట్ ఎక్కడానికి ముందు మోటివేషన్ రావాలా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

విశాఖపట్నంలో రోడ్ బైక్ తొక్కేవారికి శిక్షణ ఇస్తున్న నాకు ఫోనులోనూ, వాట్సాప్‌లోనూ, సింహాచలం కొండ కింద టీ కొట్టు దగ్గరా తరచుగా వినిపించే మాట ఒకటుంది. "సార్, మంచి సైకిలే కొన్నాను, టైము కూడా ఉంది, కానీ ఘాట్ ప్రాక్టీసుకు వెళ్దామంటే మనసు రావడం లేదు. మోటివేషన్ ఎలా తెచ్చుకోవాలి?" ఈ మాట అనేవారిలో సోమరులు నాకు దాదాపుగా కనిపించలేదు. పిల్లలను బడికి పంపి, ఆఫీసుకు పరుగెత్తే ముందు దొరికిన గంటన్నరను సైకిలుకు కేటాయించుకునేవారే ఎక్కువమంది. అలాంటివారిని పట్టుకుని "నీలో కసి లేదు" అని గ్రూపుల్లో తేలిగ్గా తీసిపారేసేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ మాట నమ్మి సైకిలును బాల్కనీలో మూలన పెట్టేసినవారు నాకు తెలుసు.

అపోహ: మోటివేషన్ ముందు రావాలి, శిక్షణ ఆ తర్వాత. కొండ పేరు చెప్తే వెనకడుగు వేస్తున్నామంటే మనోబలం లేదని అర్థం.

వాస్తవం: నేను చూసినంతలో చాలామందికి మనసు విరగడానికి కారణం వారు కొండను తొక్కే పద్ధతి. వెళ్ళిన ప్రతిసారీ ఊపిరి అందనంత తీవ్రతతో తొక్కి, కాళ్ళు పట్టేసి, తల తిరిగి, మధ్యలో దిగి సైకిలును నెట్టుకుంటూ పైకి చేరినవారికి తర్వాతి ఆదివారం తెల్లవారుజామున అలారం మోగగానే శరీరం ఆ బాధనంతా గుర్తు చేస్తుంది. అప్పుడు లేవబుద్ధి కాకపోవడంలో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. అలాంటప్పుడు మారవలసింది శిక్షణే. శిక్షణను మార్చకుండా వీడియోలు చూసి ఉత్సాహం తెచ్చుకుంటే, ఆ ఉత్సాహం మొదటి మలుపు దాకా కూడా నిలవదు.

ఒక బ్యాంకు ఉద్యోగి ఉదాహరణ చెబుతాను. నలభై దాటిన మనిషి, క్రమశిక్షణకు మారుపేరు, బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్ళి రావడమంటే ఆయనకు ఎంతో ఇష్టం. ఘాట్ అనగానే మాత్రం ఏదో ఒక సాకు చెప్పేవారు. ఒకరోజు ఆయన పక్కనే నెమ్మదిగా తొక్కుతూ గమనించాను. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి, హుడ్స్ (హ్యాండిల్ మీద బ్రేకు లివర్ల పైభాగం) పట్టుకున్న పిడికిళ్ళు తెల్లబడ్డాయి, ముఖం పక్కకు ఒంగిపోయింది. వీటన్నిటికంటే నన్ను కలచివేసింది ఆయన కుడిచేతి వేలు. చైను అప్పటికే వెనక అన్నిటికంటే పెద్ద పళ్ళ చక్రం మీద ఉంది, ఇక మార్చడానికి అంతకంటే తేలికైన గేరు లేదు, అయినా ఆ వేలు లివరును నొక్కుతూనే ఉంది. పైకి చేరాక ఆయన "నాకు విల్‌పవర్ లేదండీ" అన్నారు. నేను క్యాసెట్ (వెనక ఉండే పళ్ళ చక్రాల సెట్టు) పళ్ళు లెక్కపెట్టాను. ముందు పెడళ్ళ దగ్గర చిన్న రింగుకు 39 పళ్ళు, వెనక పెద్ద చక్రానికి 25.

ఇక్కడ లెక్క ఒకసారి చూడాలి. సైకిలుతో కలిపి 85 కేజీల మనిషి 6 శాతం వాలులో 5 కిలోమీటర్లు ఎక్కితే 300 మీటర్ల ఎత్తుకు చేరతాడు. ఆ ఎత్తుకు కావలసిన శక్తి దాదాపు 250 కిలోజౌళ్ళు, దానిని ఎవరూ తగ్గించలేరు. కానీ ఎంతసేపట్లో ఖర్చు చేయాలన్నది మన చేతిలో ఉంది. 25 నిమిషాల్లో ఎక్కాలంటే గురుత్వాకర్షణను జయించడానికే సుమారు 167 వాట్లు కావాలి, 35 నిమిషాలు తీసుకుంటే దాదాపు 120 వాట్లు చాలు. రోడ్డు ఘర్షణకు, గాలికి మరికొంత కలుపుకోవాలి. కొత్తగా శిక్షణ మొదలుపెట్టినవారిలో చాలామందికి మొదటి అంకె నరకం, రెండోది భరించదగినది. అయితే 35 నిమిషాల వేగంలో 39, 25 గేరుతో తొక్కితే కేడెన్స్ (నిమిషానికి పెడళ్ళు తిరిగే సంఖ్య) 44 దగ్గర పడిపోతుంది. 34, 32 గేరు ఉంటే అదే వేగంలో కేడెన్స్ 64 ఉంటుంది. శక్తి ఒకటే అయినా, మొదటి సందర్భంలో ప్రతి తొక్కుకూ మోకాలి మీద దాదాపు 45 శాతం ఎక్కువ బలం పెట్టవలసి వస్తుంది. ఆ బలం భరించలేక మనిషి వేగం పెంచుతాడు, వేగం పెంచితే ఊపిరి అందదు, ఊపిరి అందకపోతే దిగిపోతాడు, దిగిపోయాక తన మనోబలాన్నే శంకిస్తాడు. పెద్ద క్యాసెట్ పెట్టుకోవడం బలహీనుల పని అనుకునేవారు ఒక సంగతి గమనించాలి. 2021లో సైకిలు విడిభాగాల కంపెనీ షిమానో తన అత్యున్నత శ్రేణి అయిన డ్యూరా-ఏస్‌ను 12 స్పీడులో విడుదల చేసినప్పుడు అందులోనూ 11-34 క్యాసెట్, అంటే పెద్ద చక్రానికి 34 పళ్ళున్నది, ఉంది.

ఆ బ్యాంకు ఉద్యోగికి క్యాసెట్, చైన్‌రింగులు మార్పించాం. అంతకంటే ముఖ్యంగా, కొన్ని వారాల పాటు కొండ పైదాకా ఎక్కవద్దని చెప్పాను. మొదటి వారం రెండో మలుపు దాకా, పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఎక్కి, ఇంకా ఓపిక ఉండగానే తిరిగి రావాలి. తర్వాతి వారం ఇంకొంచెం పైకి. ఆయనకు ఇది మొదట అవమానంగా తోచింది. మూడో వారంలో "సార్, ఈ రోజు ఇంకో మలుపు ఎక్కవచ్చా?" అని ఆయనే అడిగారు. ఎక్కవద్దన్నాను. ఆ కోరిక తర్వాతి వారానికి మిగలాలన్నదే నా ఉద్దేశం.

దీని వెనక మనస్తత్వ శాస్త్రం కూడా ఉంది. ఒక పని తాను చేయగలనన్న నమ్మకం మనిషిలో ఎలా పుడుతుందో ఆల్బర్ట్ బందూరా 1977లో వివరించారు. ఇతరుల ప్రోత్సాహం కంటే, ఇతరులు చేయగా చూడడం కంటే, స్వయంగా చేసి నెగ్గిన అనుభవమే ఆ నమ్మకానికి అన్నిటికంటే బలమైన ఆధారమని ఆయన చెప్పారు. ప్రతివారం ఓడిపోయేలా శిక్షణ రూపొందించుకుని ఆత్మవిశ్వాసం రావడం లేదని బాధపడడం వల్ల ప్రయోజనం లేదు. చిన్నదైనా సరే, నెగ్గే అవకాశమున్న లక్ష్యం పెట్టుకుంటే ఇష్టం దానంతట అదే వస్తుంది. దానికి కొంత సమయం మాత్రం పడుతుంది.

"అంత నెమ్మదిగా తొక్కితే బలం ఎలా వస్తుంది?" అని అడుగుతారు. ఓర్పు క్రీడల్లో అగ్రశ్రేణి క్రీడాకారుల శిక్షణను పరిశీలించిన వ్యాయామ శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్, వారి సెషన్లలో సుమారు 80 శాతం తేలికైన తీవ్రతలోనే సాగుతాయని గమనించారు. కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా, సూక్ష్మ రక్తనాళాలు పెరగడానికి ఆ తేలికైన గంటలే పునాది. వారానికి మూడు నాలుగు రోజులు తొక్కేవారికి ఒక్క కఠినమైన రోజు చాలు. ఆ రోజున ఎఫ్‌టీపీకి (సుమారు గంటసేపు నిలబెట్టుకోగలిగే గరిష్ఠ తీవ్రత) కాస్త తక్కువలో 8 నుంచి 10 నిమిషాల చొప్పున రెండు మూడు విడతలు తొక్కి, మధ్యలో 5 నిమిషాలు తేలిగ్గా తిప్పాలి. మిగిలిన రోజులు జోన్ 2లోనే, అంటే మాట్లాడుతూ తొక్కగలిగే తేలికైన తీవ్రతలోనే ఉండాలి. అయితే, గ్రూపుతో వెళ్ళినప్పుడు జోన్ 2 ఆచరణలో కఠినమైన జోన్ 4 అయిపోతుంది. కాబట్టి కనీసం ఒక రోజు ఒంటరిగా వెళ్ళండి.

మనోబలానికి సంబంధించినవని పొరబడే సంగతులు మరికొన్ని ఉన్నాయి. మొదటిది ఖాళీ కడుపు. రాత్రి తిన్న అన్నంతోనే, ఉదయం ఏమీ తినకుండా రెండు గంటల ఘాట్ సెషన్‌కు బయలుదేరితే, సగం దారిలో "ఎందుకొచ్చిన బాధ ఇది?" అనిపించడం సహజం. గంటన్నర దాటే సెషన్‌లో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అవసరం. ఒక మోస్తరు అరటిపండులో ఉండేది 25 గ్రాములకు కాస్త అటూ ఇటూ. రెండోది మన తీరప్రాంతపు ఉక్కపోత. ఏప్రిల్, మే నెలల్లో చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు, అవే వాట్లకు గుండె వేగం పెరుగుతుంది. అది చూసి ఫిట్‌నెస్ పోయిందని దిగులు పడకుండా, ఆ రెండు నెలలూ వేగం తగ్గించుకుని తెల్లవారకముందే ముగించండి.

మూడోది ఆఫీసు అలసట. 2009లో వ్యాయామ శాస్త్రవేత్త సామ్యూల్ మార్కోరా బృందం ప్రచురించిన ప్రయోగంలో, 90 నిమిషాలు ఏకాగ్రతతో కూడిన పని చేశాక సైకిలు తొక్కినవారు మామూలు రోజు కంటే త్వరగా చేతులెత్తేశారు. గుండె, కండరాలు మామూలుగానే పనిచేశాయి, కష్టం మాత్రం ఎక్కువగా అనిపించింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, రోజంతా మీటింగుల్లో కూర్చుని, రాత్రి ట్రైనర్ (ఇంట్లో సైకిలును బిగించి తొక్కే పరికరం) మీద ఇంటర్వెల్స్, అంటే మధ్యలో విరామమిస్తూ గట్టిగా తొక్కే విడతలు, పూర్తి చేయలేకపోతున్నానని కుమిలిపోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఈ ఒక్క సంగతి చెప్పాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. కఠినమైన సెషన్‌ను ఉదయానికో శనివారానికో మార్చుకోండి, రాత్రిపూట తేలిగ్గా ముప్పావుగంట తిప్పి దిగిపోండి.

మిగిలిన అపోహలకు క్లుప్తంగా జవాబిస్తాను.

బరువు తగ్గాకే కొండలెక్కాలన్నది అపోహ. పైన చెప్పిన 35 నిమిషాల ఎక్కుడులో, అవే వాట్లతో ఒక కేజీ తగ్గితే మిగిలేది సుమారు 25 సెకన్లు. ఆ కేజీ ఒంటి నుంచి తగ్గినా, లక్షలు పోసి కొన్న కార్బన్ ఫ్రేము నుంచి తగ్గినా లెక్క ఒకటే. కడుపు మాడ్చుకుని శిక్షణ చేస్తే ముందుగా పోయేది తొక్కాలన్న కోరికే.

మా ఊళ్ళో కొండలు లేవు కాబట్టి సాధన కుదరదన్నది ఇంకో అపోహ. భీమవరం, అమలాపురం వైపు కాలువగట్టు రోడ్ల మీద ఎదురుగాలిలో 15, 20 నిమిషాలు ఒకే తీవ్రతతో తొక్కితే గుండెకూ ఊపిరితిత్తులకూ అందేది దాదాపు అదే శిక్షణ. అప్పుడప్పుడు బరువైన గేరులో కేడెన్స్ 60 దగ్గర తొక్కి కాళ్ళకు ఆ తీరు అలవాటు చేస్తే, అరకు దారిలో అనంతగిరి ఘాట్ మీకు కొత్తగా అనిపించదు.

రైడ్లను నమోదు చేసే స్ట్రావా యాప్‌లో ఇతరుల టైములు చూస్తే పట్టుదల పెరుగుతుందని కొందరు అంటారు. పెరిగేవారు ఉంటారు, కుంగిపోయేవారు అంతకంటే ఎక్కువమంది ఉంటారు. మీరు రెండో రకమైతే ఇతరుల టైములు చూడడం మానేయండి, నష్టమేమీ లేదు.

యాభై దాటితే ఘాట్లు ఎక్కకూడదన్నది కూడా అపోహే. అయితే చాలా ఏళ్ళుగా వ్యాయామం లేనివారు, బీపీ, షుగరు ఉన్నవారు, కుటుంబంలో గుండె జబ్బు చరిత్ర ఉన్నవారు ముందుగా డాక్టరును కలవాలి. ఎక్కేటప్పుడు ఛాతీలో నొప్పి, బిగుతు, కళ్ళు బైర్లు కమ్మడం వంటివి వస్తే వెంటనే ఆగి వైద్యసాయం తీసుకోవాలి, మోటివేషన్ మాటలు అక్కడ పనికిరావు.

చివరిగా, చాలామంది పైకి చెప్పని కారణం ఒకటుంది. వారికి ఎక్కడమంటే భయం లేదు, దిగడమంటే భయం. పాడేరు, లంబసింగి ఘాట్లలో ఎదురుగా బస్సు వస్తుండగా మలుపు తిరగవలసి వస్తుందన్న ఆందోళనతో ఇంట్లోనే ఆగిపోయి, బయటికి మాత్రం ఆసక్తి లేదంటారు. ఒక శిష్యురాలు ఈ సంగతి నాకు చెప్పడానికి నెలలు పట్టింది. దిగడాన్ని కూడా విడిగా నేర్చుకోవాలి. వేగాన్ని మలుపులోకి వెళ్ళకముందే తగ్గించుకోవాలి. డ్రాప్స్ (హ్యాండిల్‌లో కిందికి వంగిన భాగం) పట్టుకుంటే బ్రేకు మీద పట్టు పెరుగుతుంది. రెండు బ్రేకులనూ కలిపి, ఒక్కసారిగా కాకుండా క్రమంగా నొక్కాలి. బయటి పెడల్ కిందకు ఉంచి బరువు దాని మీద మోపాలి. చూపు ముందు చక్రం మీద కాకుండా మలుపు ముగిసే చోట ఉండాలి. తడి రోడ్డు మీద తెల్ల గీతలను తప్పించుకోవాలి. ఆ శిష్యురాలితో వాహనాలు తక్కువగా ఉండే వేళ ఒకే మలుపును పదే పదే దిగించాను. ఆమె ఇప్పుడు ఘాట్ రోజున నాకంటే ముందే వచ్చి టైర్లలో గాలి చూసుకుంటూ ఉంటారు.