ఒక కిడ్నీ, రెండు రిపోర్టులు

స్కాన్‌లో కిడ్నీలు బాగున్నాయని రాశారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 2.1 వచ్చింది, అంటే ఉండాల్సినదానికన్నా ఎక్కువ. ఈ రెండు కాగితాల్లో ఏది నమ్మాలి? కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో ఏదో ఒక ఇంట్లో ఎప్పుడూ నలిగే ప్రశ్న ఇది. రెండూ నమ్మాల్సిందే. కిడ్నీ ఎక్కడుంది, ఎంతుంది, ఆకారం ఎలా ఉంది అన్నది స్కాన్ చెబుతుంది. అది ఎంత పని చేస్తోందన్నది రక్తం చెబుతుంది. మొదటిది శరీర నిర్మాణ శాస్త్రం, అంటే అనాటమీ. రెండోది శరీర ధర్మ శాస్త్రం, అంటే ఫిజియాలజీ. పాఠ్యపుస్తకాల మొదటి పేజీలో ఈ రెంటికీ చెరో వాక్యం నిర్వచనం ఇచ్చి ముందుకు పోతారు. అసలు సంగతి ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగని చోటే తెలుస్తుంది.

కొబ్బరి, జీడి, పనస తోటల పచ్చదనం వల్లే ఉద్యానవనం కాస్తా ఉద్దానం అయిందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో బడికి పోని ముసలమ్మకు కూడా క్రియాటినిన్ అన్న మాట తెలుసు. మాట తెలిసినంతగా దాని వెనకున్న లెక్క తెలియదు.

ముందు చోటు సంగతి. అనాటమీలో దిక్కులు చెప్పే మాటలన్నీ ఒకే భంగిమను అనుకుని పెట్టినవి. మనిషి నిటారుగా నిలబడి, ముందుకు చూస్తూ, చేతులు పక్కకు వేలాడేసి, అరచేతులు ముందువైపు తిప్పి ఉన్నాడనుకోవాలి. మంచం మీద బోర్లా పడుకున్నా, స్కాన్ బల్ల మీద పక్కకు ఒత్తిగిల్లినా మాటలు మారవు. కుడి అంటే రోగి కుడి. అందుకే ఛాతీ ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూస్తే గుండె నీడ మీ కుడిచేతి వైపు ఎక్కువగా కనబడుతుంది.

కిడ్నీ నొప్పి అనగానే చాలామంది మొలతాడు కట్టే చోట చెయ్యి పెట్టి చూపిస్తారు. కిడ్నీలు అంత కింద ఉండవు. ఛాతీ భాగపు చివరి వెన్నుపూస అయిన 12వ దాని నుంచి నడుము భాగపు 3వ వెన్నుపూస దాకా, వెన్నుకు చెరో పక్కన ఉంటాయి. పై సగాన్ని చివరి పక్కటెముకలు కాపు కాస్తాయి. కుడిదాని మీద కాలేయం కూర్చోవడం వల్ల అది ఎడమదానికన్నా కాస్త కిందికి జారి ఉంటుంది. పేగులను కప్పి ఉంచే పొరను పెరిటోనియం అంటారు. కిడ్నీలు ఆ పొరకు వెనక ఉంటాయి కాబట్టి రెట్రోపెరిటోనియల్ అవయవాలు. రెట్రో అంటే వెనక. డాక్టరు పొట్టకు బదులు వీపు వైపు, చివరి పక్కటెముక వెన్నును కలిసే మూలలో పిడికిలితో మెల్లగా తట్టి చూసేది ఇందుకే. మూటలు మోసి వచ్చిన నడుంనొప్పి చాలామటుకు కండరాలది, వెన్నుది. ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బుకు తొలి దశల్లో నొప్పే ఉండదు. నొప్పిని బట్టి కిడ్నీ బాగోగులు తేల్చుకోబోతే రెండు వైపులా పొరపాటే జరుగుతుంది.

పెద్దవాళ్లలో కిడ్నీ పొడవు రమారమి 9 నుంచి 12 సెంటీమీటర్లు, బరువు 150 గ్రాముల దరిదాపు. నిలువునా కోస్తే బయట వల్కలం, లోపల దవ్వ కనిపిస్తాయి. స్కాన్ వాళ్లు వీటిని కార్టెక్స్, మెడుల్లా అంటారు. రిపోర్టులో ‘సీఎండీ మెయిన్‌టెయిన్డ్’ అని ఉంటే ఈ రెంటి మధ్య గీత స్పష్టంగా ఉందని అర్థం. ‘ఎకోజెనిసిటీ’ పెరిగిందంటే కిడ్నీ ఉండాల్సినదానికన్నా తెల్లగా మెరుస్తోందని. మామూలుగా అది పక్కనున్న కాలేయమంత నలుపుగానో, ఇంకా నలుపుగానో కనబడాలి. పని చేసే మెత్తని కణజాలం పోయి మచ్చ కట్టిన కొద్దీ తెలుపు పెరుగుతుంది, సైజు తగ్గుతుంది. పేరెంకైమా అన్న మాట ఆ పని చేసే భాగానికి పేరు.

స్కాన్ చూపు ఇక్కడితో ఆగిపోతుంది. శరీరం మెట్లుమెట్లుగా కట్టిన కట్టడం: అణువులు చేరి కణం, కణాలు చేరి కణజాలం, కణజాలాలు చేరి అవయవం, అవయవాలు చేరి వ్యవస్థ. అల్ట్రాసౌండ్ అవయవం మెట్టు మీద నిలబడి చూస్తుంది. జబ్బు కణం మెట్టు దగ్గర మొదలవుతుంది. జీడితోటను రోడ్డు మీంచి చూస్తే పచ్చగానే ఉంటుంది. మొదట్లో కాండం తొలిచే పురుగు పడిందా లేదా అన్నది చెట్టు మొదలు దగ్గర కూర్చుని, పొట్టు రాలిందేమో చూస్తే కదా తెలిసేది.

కిడ్నీ మొదలు దగ్గర ఉండేది నెఫ్రాన్. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్‌కూ ఒక కొసన సన్నని రక్తనాళాల ఉండ, దాన్నే గ్లోమెరులస్ అంటారు. మార్సెల్లో మాల్ఫీగీ 1666లో సూక్ష్మదర్శినిలో దీన్ని చూశాడు. ఆ ఉండను చుట్టిన గిన్నె మూత్రనాళికలోకే తెరుచుకుంటుందని 1842లో విలియం బౌమన్ తేల్చేదాకా ఇంకో 176 ఏళ్లు పట్టింది. ఆకారం కంటబడినా దాని పని తెలియడానికి అన్నేళ్లు!

ఇక పని లెక్క. గుండె నిమిషానికి పంపే 5 లీటర్ల రక్తంలో లీటరుకు పైగా కిడ్నీలకే పోతుంది. అందులోంచి నిమిషానికి 125 మిల్లీలీటర్ల నీరు గ్లోమెరులస్‌లో వడగట్టుకుని నాళికలోకి దిగుతుంది. ఈ వడపోత వేగాన్నే జీఎఫ్ఆర్ అంటారు. రోజుకు లెక్కేస్తే 180 లీటర్లు. 15 లీటర్ల బిందెలైతే 12. మూత్రంగా బయటికి వచ్చేది లీటరున్నర. మిగతాదంతా నాళిక వెనక్కి లాక్కుంటుంది. అంటే కిడ్నీని జల్లెడ అనడం సగం నిజమే. దాని చాకిరీ అంతా జల్లెడలోంచి జారిపోయినదాన్ని ఏరి వెనక్కి తెచ్చుకోవడంలో ఉంది.

ఆ నాళికలో గ్లోమెరులస్‌కు దగ్గరి ముక్క ‘సమీప’, అంటే ప్రాక్సిమల్. అవతలి ముక్క ‘దూరస్థ’, అంటే డిస్టల్. వాటి మధ్య వంపు హెన్లీ శిక్యం. నీటిలో, ఉప్పులో మూడింట రెండు వంతులు, గ్లూకోజ్ దాదాపు మొత్తం సమీప నాళికలోనే వెనక్కి వస్తాయి. అంత పని చేసే కణాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. రక్తం తగ్గినా, విషపదార్థం వచ్చినా ముందు దెబ్బ తినేది అవే.

ఉద్దానం రోగుల బయాప్సీల్లో, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షల్లో, ప్రధానంగా కనిపించేది ‘ట్యూబ్యులో ఇంటర్‌స్టీషియల్ నెఫ్రైటిస్’. చూడటానికి భయపెట్టే ఈ మాటను విరిస్తే సులువు. ట్యూబ్యూల్ అంటే నాళిక. ఇంటర్‌స్టీషియం అంటే నాళికల మధ్య ఖాళీల్లోని కణజాలం. నెఫ్రో అంటే కిడ్నీకి సంబంధించినది. చివర ‘ఐటిస్’ ఉంటే వాపు. షుగరు వల్ల కిడ్నీ పాడైతే గ్లోమెరులస్ జల్లెడ చిల్లులు పడి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కారుతుంది, మూత్రం నురగ కడుతుంది. నాళికలకు వచ్చే జబ్బులో ప్రోటీన్ చాలా తక్కువ పోతుంది, ఒక్కోసారి పోదు. కాబట్టి మూత్రంలో ముంచిన పట్టీ రంగు మారలేదని నిశ్చింతగా ఇంటికి పోవడానికి లేదు. రక్తంలో క్రియాటినిన్ కూడా చూడాలి.

క్రియాటినిన్ కండరాల్లో పుట్టే వ్యర్థం. కండరం శక్తిని ఫాస్ఫోక్రియాటిన్ రూపంలో దాచుకుంటుందని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనిపెట్టినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ క్రియాటిన్ రోజూ కొంత కొంత విరిగి క్రియాటినిన్ అవుతుంది. కండరం మారనంతవరకు రోజుకు పుట్టే మొత్తం దాదాపు ఒకటే. వడపోత సగానికి పడితే రక్తంలో నిలవ రెట్టింపవుతుంది. మెలిక ఇక్కడే ఉంది. ఒకరి జీఎఫ్ఆర్ 120, క్రియాటినిన్ 0.6 అనుకుందాం. జీఎఫ్ఆర్ 60కి పడేసరికి క్రియాటినిన్ సుమారు 1.2. ల్యాబు కాగితం మీద ఇంకా మామూలు హద్దుల్లోనే, నక్షత్రం గుర్తు కూడా పడదు. పనిలో సగం అప్పటికే పోయింది. 30కి పడితే 2.4, 15కి పడితే 4.8. మొదటి సగం పోయినప్పుడు అంకె 0.6 మాత్రమే కదిలింది. ఆ తర్వాత గంతులేస్తుంది. ‘మొన్నటిదాకా బాగానే ఉండె, ఒక్కసారిగా పెరిగిపోయింది’ అనిపించేది ఈ లెక్క వల్లే.

కండరం తక్కువున్న మనిషిలో అంకె ఇంకా మోసం చేస్తుంది. పాతికేళ్ల కుర్రాడికి క్రియాటినిన్ 1.1 ఉంటే, ఇప్పుడు వాడే సూత్రం ప్రకారం జీఎఫ్ఆర్ అంచనా 95 దాకా వస్తుంది. 65 ఏళ్ల స్త్రీకి అదే 1.1 ఉంటే 56 దగ్గర ఆగుతుంది. అందుకని క్రియాటినిన్ పక్కన ఈజీఎఫ్ఆర్ (జీఎఫ్ఆర్ అంచనా) కూడా రాయించుకోవాలి. అది 60కి లోపు 3 నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక జబ్బు అంటారు. 15కి లోపు అయిదో దశ. ఒక్క పరీక్షతో తేల్చకూడదు. ముందురోజు తిన్న మాంసం కూర, వాంతులు, విరేచనాలు కూడా అంకెను కదుపుతాయి.

శరీర ధర్మ శాస్త్రమంతా ఒక్క భావన చుట్టూ తిరుగుతుంది. బయట ఏం మారినా లోపలి నీరు, ఉప్పు, ఆమ్లం, వేడి ఇరుకైన హద్దుల్లోనే ఉండాలి. దీన్ని సమస్థితి అంటాం. 1926లో వాల్టర్ కానన్ దానికి హోమియోస్టాసిస్ అని పేరు పెట్టాడు. మే నెల ఎండలో తోట పాదులు తవ్వే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. రక్తం చిక్కనవుతుంది. మెదడులోని హైపోథాలమస్ ఒకటి రెండు శాతం తేడానే పసిగట్టి, పిట్యూటరీ గ్రంథి నుంచి ఏడీహెచ్ హార్మోన్ వదిలిస్తుంది. నెఫ్రాన్ల చివర ఉన్న సంగ్రహణ నాళాల గోడల్లో నీటి దారులు తెరుచుకుంటాయి, నీరు వెనక్కి వస్తుంది, మూత్రం తగ్గి ముదురు పసుపవుతుంది. రక్తం పలచబడగానే హార్మోన్ తగ్గుతుంది. మార్పును దానికి ఎదురుదిక్కులో సరిచేసే ఈ పద్ధతి పేరు రుణ పునర్నివేశం. దీనికీ ఒక హద్దుంది. ఎంత బిగించినా రోజు వ్యర్థాలు బయటికి పోవడానికి అర లీటరు మూత్రం కావాలి.

అదే మనిషి సాయంత్రం ఒళ్లునొప్పులకు మందుల షాపులో డైక్లోఫెనాక్ బిళ్ల అడుగుతాడు. నీరు తగ్గిన ఒంట్లో, గ్లోమెరులస్‌లోకి వచ్చే రక్తనాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ఈ బిళ్ల నొప్పిని ఆపేది ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపే. ఆ నాళం ముడుచుకుంటుంది, వడపోత పడిపోతుంది. నొప్పికి ఆ పూట పారాసిటమాల్ అయితే కిడ్నీ మీద అంత భారం వెయ్యదు. ఉద్దానం జబ్బుకు ఇదొక్కటే కారణమని అనడానికి లేదు. ఎండ, నీటిలోని సిలికా, లోహాలు, పురుగుమందులు అన్నీ అనుమానంలో ఉన్నాయి, ఏదీ రుజువు కాలేదు. శ్రీలంక వరి రైతుల్లో, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే కనిపిస్తుంది. ఉద్దానానికి హిరమండలం జలాశయం నీటిని పైపుల్లో తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి.

కొబ్బరినీళ్ల గురించి ఒక మాట. మంచి కిడ్నీ ఉన్నవాళ్లకు ఎండాకాలం అంతకన్నా మంచిది లేదు. కానీ బోండాం నీళ్లలో సోడియం కన్నా పొటాషియం చాలా ఎక్కువ, పనసతొనల్లోనూ అంతే. రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. జీఎఫ్ఆర్ బాగా పడిపోయిన మనిషిలో అది బయటికి పోక పేరుకుంటుంది. హైపర్ అంటే ఎక్కువ, కెలియం అంటే పొటాషియం, చివర ఎమియా అంటే రక్తంలో. కలిపితే హైపర్‌కెలీమియా. 6.5 దాటితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. ముందు హెచ్చరికలు లేకుండానే రావచ్చు. సెలవుకు వచ్చిన చుట్టాలు ప్రేమగా కొట్టించి ఇచ్చే బోండాం డయాలసిస్ రోగికి మందు కాదు.

డయాలసిస్ దాకా వచ్చినవాళ్ల చేతి మీద సమీప, దూరస్థ అన్న మాటలు మళ్లీ కనిపిస్తాయి. మామూలు సిర సన్నం, నిమిషానికి 300 మిల్లీలీటర్ల రక్తం ఇవ్వలేదు. అందుకని మణికట్టు దగ్గర ధమనిని పక్క సిరకు కలిపి కుడతారు. అదే ఫిస్టులా. ధమని ఒత్తిడికి సిర లావెక్కి, గోడ మందమై సూదులకు సిద్ధం కావడానికి ఆరు వారాలో ఇంకా ఎక్కువో పడుతుంది. వీలైనంతవరకు ఎడమచేతివాటం కానివాళ్లకు ఎడమచేతికే పెడతారు. మొదట దూరస్థంగా, మణికట్టు దగ్గరే పెడతారు. అది పూడుకుపోతే మోచేతి దగ్గర సమీప భాగం ఇంకా మిగిలి ఉంటుంది. ముందే పైన పెట్టేస్తే కిందికి దిగడానికి దారి ఉండదు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు, దాని మీద తల పెట్టి పడుకోకూడదు. రోజూ పొద్దున్న వేళ్లు ఆనిస్తే కింద జుయ్యిమని అదురు తెలియాలి, చెవి ఆనిస్తే హోరు వినపడాలి. ఆ అదురు ఆగిందంటే లోపల రక్తం గడ్డకట్టినట్టే. తర్వాతి డయాలసిస్ రోజు దాకా ఆగకుండా ఆ పూటే బయల్దేరాలి. గడ్డ కొత్తగా ఉన్నప్పుడు తీస్తే ఆ సిర మళ్లీ పనికొస్తుంది.